మేడ మీద బాత్‌రూమ్... మోసేదెవరు?

మేడ మీద ఒక గది. గాలీ వెలుతురూ పుష్కలం. పెద్దబ్బాయికి పెళ్లయ్యాక ఆ గదిని కొత్త జంటకు ఇచ్చేస్తారు. లేదంటే 'కింద ఈ టీవీ గోల నావల్ల కాదు' అంటూ తాతయ్యే అక్కడికి మకాం మార్చేస్తారు. అంతా బాగానే ఉంటుంది... రాత్రి రెండింటికి లేవాల్సి వచ్చేదాకా! నిద్రకళ్లతో, చీకట్లో, గోడ పట్టుకుని పద్దెనిమిది మెట్లు దిగాలి. పెరట్లోకి వెళ్లిరావాలి. మళ్లీ ఆ పద్దెనిమిదీ ఎక్కాలి. అరవై దాటినవాళ్లకు ఇది సుఖానికి సంబంధించిన విషయం కాదు. ఒక్కసారి కాలు జారితే తుంటి ఎముక విరిగి నెలల తరబడి మంచాన పడాల్సిందే.

'ఓ మూల చిన్న బాత్‌రూమ్ కట్టించేస్తే పోలా?' అంటారు ఇంట్లో ఎవరో ఒకరు. మాట బాగుంది. మేస్త్రీకి కబురు వెళ్తుంది. ఆయన పైకొచ్చి, మడమతో నేలను రెండుసార్లు గట్టిగా తొక్కి, 'పాతకాలం కట్టుబడి సార్, ఏనుగెక్కినా ఏం కాదు. పదిరోజుల్లో లేపేద్దాం' అంటాడు. ఇంటిల్లిపాదికీ ధైర్యం వచ్చేస్తుంది. మర్నాడే ఇటుక దిగుతుంది.

సరిగ్గా ఇక్కడే ఆగాలి. నిజంగానే ఏనుగెక్కితే ఏమవుతుందో లెక్క కట్టాలి. ఎందుకంటే, మామూలు పద్ధతిలో కట్టే చిన్న బాత్‌రూమ్ బరువు ఇంచుమించు ఏనుగంత!

కాగితం మీద కడితే...

ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉన్న బాత్‌రూమ్ అనుకోండి. మొత్తం 35 చదరపు అడుగులు. రెండు వైపుల పాత గోడలే ఉన్నాయి, మిగతా రెండు వైపులా కొత్తగా కట్టాలి.

నేల దగ్గర మొదలుపెడదాం. గొట్టాలు కనిపించకుండా ఉండాలని అడుగు ఎత్తు లేపి, ఇటుక ముక్కలూ పల్చటి సిమెంటు మాలూ వేసి నింపుతారు. ఆ నింపుడు ఒక్కటే దాదాపు 1600 కిలోలు. దానిపైన రెండంగుళాల మాలు, టైల్స్ కలిపి మరో 340 కిలోలు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు పక్కలా ప్లాస్టరింగ్ చేస్తే చదరపు అడుగుకు 25 కిలోలు తూగుతుంది. తలుపు సందు తీసేసినా 80 చదరపు అడుగుల గోడ ఉంటుంది కాబట్టి... రెండు టన్నులు! గోడల టైల్స్, వాటి కింద మాలు మరో మూడున్నర వందల కిలోలు. కమోడ్, వాష్‌బేసిన్, గీజరు, బకెట్లలో నీళ్లు, స్నానం చేసే మనిషి కలిపి 200. వెరసి నాలుగున్నర టన్నులు. బాత్‌రూమ్ కప్పు మీదే 500 లీటర్ల నీళ్ల ట్యాంకు కూడా పెడితే మరో అర టన్ను.

ఇప్పుడు రెండో లెక్క. ఇళ్లలోని గదుల నేల మీద మనుషులు, సామాన్ల కోసం చదరపు మీటరుకు 200 కిలోల బరువును లెక్కలోకి తీసుకోవాలని ఐఎస్ 875 ప్రమాణం రెండో భాగం 1987లో చెప్పింది. అంటే చదరపు అడుగుకు 19 కిలోలకు కాస్త తక్కువ. ఆ లెక్కన 35 అడుగుల మేరకు ఆ నేల మోస్తుందని అనుకున్నది 650 కిలోలు. ఎక్కించబోతున్నది 4500 కిలోలు. దాదాపు ఏడు రెట్లు! ఇందులో కొంత బరువు పక్కనున్న గోడల మీదకు పోతుంది, నిజమే. పాతరోజుల్లో కొంచెం దిట్టంగా కట్టారనీ అనుకుందాం. అయినా ఏడు రెట్లంటే ఊరుకునే తేడా కాదు.

పైగా మంచమో బీరువానో అయితే అవసరమైనప్పుడు పక్కకు జరపొచ్చు. బాత్‌రూమ్ బరువు రాత్రీపగలూ, ఏళ్ల తరబడి అదే చోట కూర్చుంటుంది. కొయ్యయినా కాంక్రీటయినా ఎడతెగని బరువు కింద కొంచెం కొంచెంగా వంగుతూనే ఉంటుంది. అందుకే కట్టిన మర్నాడు ఏమీ కాకపోవడం ధైర్యానికి గుర్తు కాదు.

మీ మేడ ఏ రకం?

నేలను బలపరచాలంటే ముందు అది దేనితో చేసిందో తెలియాలి. మన ఊళ్లలో కనిపించేవి ప్రధానంగా నాలుగు రకాలు.

కొయ్య మిద్దె: గోడల మీద దూలాలు, వాటి మీద అడ్డంగా సన్నటి దంతెలు, ఆపైన చిన్న ఇటుకలను సున్నంతో నిలువుగా పేర్చి, సున్నం కాంక్రీటు దిమ్మిస కొట్టిన కప్పు. మద్రాసు టెర్రస్ అంటారు. తన సొంత బరువే చదరపు మీటరుకు 400 కిలోల దాకా ఉంటుంది. గోడలో దూరిన దూలాల చివర్లే దీని బలహీనత. తేమ, చెద ముందు పట్టేది అక్కడే. రాయలసీమలో ఇదే తీరున దంతెల మీద మట్టి కప్పిన మిద్దెలుంటాయి. వాటి మీద బాత్‌రూమ్ ఆలోచనే వద్దు.

బండల కప్పు: దూలాల మీదో, ఇనుప పట్టాల మీదో నాపరాళ్లు పరిచినది. కడప, కర్నూలు ప్రాంతాల్లోనూ తాండూరు వైపూ ఎక్కువ. రాయి నొక్కుడుకు ఎంతైనా ఓర్చుకుంటుంది కానీ వంగలేదు. వంగాల్సి వస్తే విరుగుతుంది. అదీ ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా.

ఇనుప గర్డర్ల మీద ఇటుక ఆర్చీలు: హైదరాబాద్‌లోని పాత ఇళ్లలో, రైల్వే క్వార్టర్లలో కనిపిస్తాయి. ప్రతి ఆర్చీ పక్క ఆర్చీని నెట్టుకుంటూ నిలబడుతుంది. గొట్టం కోసం ఒక దానికి పెద్ద కన్నం పెడితే దాని పక్కవాటికీ ముప్పే.

ఆర్‌సీసీ శ్లాబు: ఇప్పటి ఇళ్లన్నీ ఇవే. 'శ్లాబే కదా' అని నిశ్చింతగా ఉంటారు కానీ, ముప్ఫై నలభై ఏళ్ల కిందటి శ్లాబుల్లో మందం నాలుగంగుళాలే ఉన్నవి చాలా. తీరప్రాంతాల్లో ఉప్పుగాలి, కట్టేటప్పుడు వాడిన ఉప్పునీళ్లు లోపలి ఊచలను తినేసి ఉండొచ్చు.

నేల ముందే చెబుతుంది

పరీక్ష కింది గదిలోంచి మొదలుపెట్టాలి. పైనుంచి చూస్తే టైల్సే కనిపిస్తాయి, అసలు సంగతి సీలింగులో ఉంటుంది.

ఒక గోడ నుంచి ఎదురు గోడకు, సీలింగుకు ఆనించి దారం బిగుతుగా లాగి పట్టుకోండి. నడుమ భాగం కిందికి దిగితే దారాన్ని తోసేస్తుంది. అలాంటప్పుడు రెండు చివర్లా సమానమైన చెక్కముక్కలు పెట్టి దారం లాగి, మధ్యలో ఎంత తగ్గిందో కొలవాలి. కాంక్రీటు కట్టడాలకు ఐఎస్ 456 ప్రమాణం 2000లో పెట్టిన హద్దు... పొడవులో 250వ వంతు. అంటే పదడుగుల గదికి 12 మిల్లీమీటర్లు, అర అంగుళం కన్నా తక్కువ. ఖాళీ గదే అంతకు మించి దిగి ఉంటే, దానికి ఇంకో బరువు మోసే ఓపిక లేదన్నమాట.

కొయ్య మిద్దె అయితే దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడాలి. గట్టి కొయ్య లోపలికి రానివ్వదు. అర అంగుళం సులువుగా దిగిందంటే లోపల పుచ్చినట్టే. మట్టి గీతల్లా చెద దారులు కనిపిస్తే మరీ జాగ్రత్త. శ్లాబు అయితే చిన్న సుత్తితో తట్టుతూ పోవాలి. 'టంగ్' మంటే సరే. 'బొద్' మని డొల్ల శబ్దం వస్తే అక్కడ పెచ్చు లోపల విడిపోయింది. తుప్పు రంగు చారలు, ఊచల వెంబడే వరసగా పగుళ్లు, ఊడిన పెచ్చులు... ఇవన్నీ ఊచలు తుప్పుపట్టి ఉబ్బుతున్నాయనడానికి సాక్ష్యాలు. పిల్లలు గెంతితే కిటికీ అద్దాలు గలగలలాడటం, పై గది తలుపు ఉన్నట్టుండి గడపకు రాసుకోవడం కూడా పట్టించుకోవాల్సిన గుర్తులే.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించాలి. ఏవీ కనిపించకపోయినా పిలిపించాలి! శ్లాబులో ఊచలు ఎక్కడెక్కడ, ఎంత లోతులో ఉన్నాయో కొట్టకుండానే చెప్పే పరికరాలున్నాయి. కాంక్రీటు గట్టితనాన్ని పైపైన అంచనా వేసే రీబౌండ్ హ్యామర్ ఉంది. ఆ పరీక్షలకూ ఇంజినీరు ఫీజుకూ అయ్యే ఖర్చు దండగనిపిస్తుంది. కానీ, కింది గదిలో పడుకునేవాళ్లు ఎవరో ఒక్కసారి తలచుకుంటే ఆ మాట నోట రాదు.

ముందు బరువు దించాలి

'గర్డరు వేసేస్తే సరిపోదా?' అనే ప్రశ్న వస్తుంది. సరిపోవచ్చు. కానీ నాలుగున్నర టన్నులకు సరిపడా గర్డరు వేస్తే, ఆ బరువు గోడల్లోకీ అక్కణ్నుంచి పునాదిలోకీ పోతుంది. మట్టితో కట్టిన గోడలు, నల్లరేగడి మీద రెండడుగుల పునాది ఉన్న ఇళ్లకు అది కొత్త తలనొప్పి. అందుకే నేలకు బలం పెంచేముందు బాత్‌రూమ్ బరువు తగ్గించాలి. అసలు కిటుకు ఇదే.

మొదటిది, అడుగు ఎత్తు నింపుడు. ఇది కమోడ్ నుంచి మురుగు గొట్టం నేలలోకి దిగే పద్ధతికి అవసరం. వెనక గోడలోంచి బయటికి వెళ్లే పీ-ట్రాప్ కమోడ్‌ను బయటి గోడకు ఆనించి పెడితే, పెద్ద గొట్టం నేలలో దూరనే దూరదు. ఇక మిగిలింది స్నానం నీళ్ల గొట్టం. దానికి 40 అడుగులకు అడుగు చొప్పున వాటం ఇచ్చినా, ఆరడుగుల దూరానికి రెండంగుళాలు కూడా అక్కర్లేదు. అంటే నాలుగంగుళాల ఎత్తు చాలు. ఆ నాలుగంగుళాలు కూడా ఇటుక ముక్కలతో కాకుండా ఏఏసీ బ్లాకుల ముక్కలతోనో, తేలికపాటి కాంక్రీటుతోనో నింపొచ్చు. పైన మాలు, టైల్స్ కలిపినా 600 కిలోలకు మించదు. ఇటుక ముక్కలతో ఇంకో చిక్కుంది. ఎక్కడైనా నీరు కారితే అవి పీల్చుకుంటాయి. మామూలు ఇటుక తన బరువులో అయిదో వంతు దాకా నీరు తాగగలదు. అంటే 1600 కిలోల నింపుడు ఎవరికీ తెలియకుండా 1900 కిలోలు కావచ్చు! బొగ్గు కిట్టం తేలికే కానీ అందులోని గంధకం ఊచలకు శత్రువు.

రెండోది, గోడలు. ఇటుక బదులు నాలుగంగుళాల ఏఏసీ బ్లాకులతో కట్టి పల్చగా ప్లాస్టరింగ్ చేస్తే రెండు టన్నులు కాస్తా 850 కిలోలవుతుంది. సన్నటి ఇనుప ఫ్రేముకు రెండు వైపులా సిమెంటు ఫైబర్ బోర్డులు బిగిస్తే 300 కిలోలు చాలు. టైల్స్‌ను మాలుతో కాకుండా జిగురుతో అతికిస్తే అక్కడో నూటయాభై తగ్గుతుంది. నీళ్ల ట్యాంకు మాత్రం బాత్‌రూమ్ మీద వద్దు. బరువు మోసే పాత గోడల మీదకు మార్చేయాలి.

ఇప్పుడు మళ్లీ కూడితే... నాలుగున్నర టన్నుల బాత్‌రూమ్ రెండు టన్నుల లోపే తేలుతుంది. సౌకర్యంలో తేడా ఏమైనా ఉందా? అదే కమోడ్, అదే షవర్, అవే టైల్స్!

మరో మార్గమూ ఉంది. పాత ఇళ్లలో నేల పాడైనప్పుడల్లా దాన్ని తియ్యకుండా పైపైనే కొత్త గచ్చు పోసుకుంటూ వస్తారు. అలా తర్వాత చేరిన పొరలు నాలుగంగుళాలుంటే, 35 అడుగుల మేర తీసేస్తే 600 కిలోల బరువు దిగినట్టే. అయితే కొయ్య మిద్దెలో మొదట వేసిన సున్నం కాంక్రీటు కూడా కప్పు బలంలో భాగమే. ఎంతవరకూ తియ్యొచ్చో ఇంజినీరే గీత గియ్యాలి.

ఇక చోటు. కింద రెండు వైపులా బరువు మోసే గోడలున్న మూల అన్నిటికన్నా మంచిది. కొత్త గోడ దంతెలకు అడ్డంగా పోవాలి, లేదా కింద దూలం ఉన్నచోట రావాలి. రెండు దంతెల నడుమ సందులో వాటి వెంబడే గోడ లేపితే ఆ బరువంతా ఇటుకల మీదే. కింద పూజగదో వంటగదో ఉంటే ఇంట్లో పెద్దవాళ్లు ఎలాగూ ఒప్పుకోరు. వాస్తు చెప్పే మూల, ఇంజినీరు చెప్పే మూల ఒకటే అయితే అదృష్టం. కాకపోతే ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడుకోవాలి. కింద గోడ లేని మూలకు ఏ దిక్కూ బలం ఇవ్వదు మరి.

తర్వాత బలం పెంచాలి

బరువు రెండు టన్నులకు దిగినా, నేల లెక్క 650 కిలోలే కదా. ఇంకా మూడు రెట్లు తేడా ఉంది. కాబట్టి దన్ను తప్పదు.

కొయ్య మిద్దెకు మంచి వైద్యం... దంతెల కింద, వాటికి అడ్డంగా, నడిమధ్యలో ఇనుప గర్డరు. దంతె పొడవు సగానికి సగం తగ్గితే అది వంగడం సగమే తగ్గుతుందనుకుంటారు చాలామంది. కాదు. అడుగుకు అంతే బరువున్నప్పుడు, పదడుగుల దంతె అయిదడుగుల ముక్కల్లా పనిచేస్తే వంగేది పదహారో వంతు! కొయ్య మీద పడే ఒత్తిడి నాలుగో వంతు. ఒక్క గర్డరుతో ఇంత తేడా వస్తుంది. ఆరంగుళాల ఐ ఆకారపు గర్డరు మీటరుకు 15 కిలోలే ఉంటుంది. మీ గదికి ఆరంగుళాలదా, ఎనిమిదంగుళాలదా అన్నది మాత్రం పొడవును బట్టి, బరువును బట్టి ఇంజినీరు లెక్కకట్టి చెప్పాల్సిందే.

గర్డరు వేయడంలో తరచూ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, దాన్ని ఊరికే సీలింగు కింద దూర్చేసి వదిలెయ్యడం. దంతెకూ గర్డరుకూ మధ్య అర అంగుళం సందుంటే, నేల అర అంగుళం కుంగేదాకా ఆ గర్డరు చూస్తూ కూర్చుంటుంది! ముందు జాకీలతో నేలకు దన్ను పెట్టాలి. గర్డరు కూర్చోబెట్టి, ప్రతి దంతె కిందా సందు లేకుండా ఇనుప రేకు ముక్కలు బిగించాలి. ఆపైన జాకీలను ఒక్కొక్కటిగా, నెమ్మదిగా వదలాలి. కుంగిన దూలాన్ని ఒక్కరోజులో పైకి నెట్టేయాలని చూస్తే సున్నం పొరలు పగిలిపోతాయి.

రెండో పొరపాటు, గర్డరు చివర్లను నేరుగా గోడలో గుచ్చెయ్యడం. అక్కడ ఒక్కచోటే టన్నుకు పైగా బరువు దిగుతుంది. పాత ఇటుక నలిగిపోతుంది. కాంక్రీటు దిమ్మె పోసి దాని మీద కూర్చోబెడితే బరువు గోడంతా పంచుకుంటుంది. మట్టి గోడలైతే అదీ చాలదు. చివర్ల కింద ఇనుప స్తంభాలు నిలిపి, వాటికి నేలలో విడిగా పునాది వెయ్యాలి.

ఒకటి రెండు దంతెలే బలహీనంగా ఉంటే వాటి పక్కనే కొత్త దంతెలు జతచేసి బోల్టులు బిగించొచ్చు. ఇక్కడ లోతుదే రాజ్యం. అదే వెడల్పున్న కొయ్య మూడంగుళాల లోతుకు బదులు ఆరంగుళాలుంటే ఎనిమిది రెట్లు బిగువుగా ఉంటుంది. పుచ్చిన కొయ్యకు మాత్రం జత కట్టకూడదు. చెద మందు కొట్టించి, పుచ్చిన భాగం తీసేశాకే కొత్తది.

శ్లాబుల కథ వేరు

ఆర్‌సీసీ శ్లాబు కింద కూడా గర్డరు వేస్తారు. కానీ కళ్లు మూసుకుని వేసేది కాదు. శ్లాబు వంగేటప్పుడు సాగేది కింది వైపు. అందుకే నడుమ భాగంలో ఊచలు అడుగునే ఉంటాయి. సరిగ్గా అక్కడే కింద గర్డరు పెడితే, దాని నెత్తిన శ్లాబు పైవైపు సాగడం మొదలవుతుంది. అక్కడ ఊచలే లేవు! పైన సన్నటి పగులు వస్తుంది. బాత్‌రూమ్ నేల కింద పగులంటే నీటికి దారి చూపినట్టే. గర్డరు ఎక్కడ పెట్టాలి, పైన జాలీ వెయ్యాలా అన్నది పాత ఊచల జాడ తెలుసుకున్నాకే తేల్చాలి.

పెచ్చులూడిన శ్లాబుకు సిమెంటు పూసి, సున్నం కొట్టేసి 'బాగైపోయింది' అనుకోవడం చీము పట్టిన పుండు మీద పౌడరు రాసినట్టు. వదులైన కాంక్రీటంతా కొట్టేసి, ఊచ వెనక వైపు కూడా కనిపించేలా తీసి, వైరు బ్రష్షుతో తుప్పు రుద్ది, తుప్పు నిరోధక పూత వెయ్యాలి. బాగా సన్నబడిన ఊచ పక్కన కొత్తది కట్టాలి. ఆ తర్వాతే పాలిమర్ మాలుతోనో మైక్రో కాంక్రీటుతోనో పూడ్చాలి. ఇదంతా జరుగుతున్నన్ని రోజులూ కింద జాకీలు ఉండాల్సిందే, కింది గది ఖాళీగా ఉండాల్సిందే.

బండల కప్పుకూ, ఆర్చీలకూ ఇలాంటి మరమ్మతులు అంత తేలిగ్గా ఒప్పవు. అక్కడ పాత కప్పు మీద బరువే పడకుండా, గోడ నుంచి గోడకు కొత్త ఇనుప చట్రం పరిచి దాని మీద బాత్‌రూమ్ కట్టుకోవడమే క్షేమం.

నీరే అసలు శత్రువు

ఇంత చేసి, నీటి సంగతి మరిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. కొయ్యను పుచ్చబెట్టేదీ, ఊచను తినేదీ నీరే. టైల్స్ వేసేశాం కదా అంటే చాలదు. టైల్స్ మధ్య గీతల్లోంచి నీరు దిగుతుంది. టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ పొర ఉండాలి. అది నేలతో ఆగకుండా గోడల మీదకు అడుగు ఎత్తు, షవర్ ఉన్నచోట ఆరడుగుల ఎత్తు ఎక్కాలి. గొట్టాల చుట్టూ, మూలల్లో రెండోసారి పూత వెయ్యాలి.

టైల్స్ వేసేముందే బొక్కలు మూసి, అంగుళం ఎత్తున నీళ్లు నింపి, కనీసం ఒక రోజు నిలబెట్టాలి. మర్నాడు కింది సీలింగు చూడాలి. చెమ్మ మచ్చ కనిపిస్తే పని ఆపి, మళ్లీ పూత వేయించాలి. టైల్స్ వేశాక కనిపెడితే అంతా పగలగొట్టడమే. అన్నట్టు, అంగుళం ఎత్తు నీళ్లంటే చదరపు మీటరుకు 25 కిలోలు. కాబట్టి ఈ పరీక్ష కూడా నేలను బలపరిచాకే.

గొట్టాలను వీలైనంత వరకూ బయటి గోడ వెంబడే దించాలి. నేలకు కన్నం తప్పదనుకుంటే ఊచ తగలని చోట, దంతె తెగని చోట, మిషన్‌తో గుండ్రంగా కోయించాలి. సుత్తీ ఉలీ పట్టుకుని దబదబా కొడితే పక్కనున్న కాంక్రీటు కూడా అదురుతుంది.

కుదరదంటే... కుదరదు

కొన్ని ఇళ్లకు ఎంత చేసినా ఆ బరువు కుదరదు. ఆ సంగతి ఇంజినీరు చెబితే నొచ్చుకోనక్కర్లేదు. వేరే దారులున్నాయి. స్థలం ఉంటే, మేడ గది బయటి గోడను ఆనుకుని నేల నుంచే నాలుగు పిల్లర్లు లేపి, దాని మీద బాత్‌రూమ్ కట్టుకోవచ్చు. పాత ఇంటికి ఒక్క తలుపు సందు చాలు, పైన లింటెల్ మరవకుండా. పాత గోడకూ కొత్త కట్టడానికీ మధ్య సన్నటి ఖాళీ వదలాలి. కొత్త పునాది కొంచెం సర్దుకున్నా పాత గోడ పగలకుండా ఉంటుంది. కింది భాగంలో ఇంకో బాత్‌రూమో, సామాన్ల గదో కలిసొస్తుంది. మున్సిపాలిటీ అనుమతి, పక్కింటి హద్దు ముందే చూసుకోవాలి.

అపార్ట్‌మెంట్లలో అయితే ఇంకో చిక్కు. మీ నేల, కింది ఫ్లాటువాళ్ల సీలింగు ఒకటే. పడగ్గది ఉన్నచోటికి బాత్‌రూమ్ మార్చాలంటే మీ డబ్బూ మీ ఇష్టమూ చాలవు. బిల్డింగు ప్లాను చూసిన ఇంజినీరు రాతపూర్వకంగా ఇచ్చిన మాట, అసోసియేషన్ సమ్మతి రెండూ ఉండాలి.

అన్నిటికన్నా చవకైన దారి మరొకటి... గదులు మార్చుకోవడం. పెద్దవాళ్లకు కింద బాత్‌రూమ్ పక్కనున్న గది ఇచ్చి, కుర్రాళ్లు పైకెక్కడం. 'మా నాన్నకు గాలి కావాలి' అంటారు. కింది గదికి ఇంకో కిటికీ పెట్టించడం నాలుగు టన్నులు పైకి మోయించడం కన్నా తేలికే కదా!

ఇవి అడిగాకే అడ్వాన్సు

* ఈ నేల మీద ఇప్పుడు ఎంత బరువుంది? కొత్తగా ఎంత పడుతుంది? ఇంజినీరు లెక్క కాగితం మీద ఉందా?
* కొత్త గోడల కింద ఏముంది... గోడా, దూలమా, వట్టి నేలా?
* గర్డరు చివర్లు దేని మీద ఆనుతాయి? ఆ గోడకూ దాని పునాదికీ అంత ఓపిక ఉందా?
* నేల ఎత్తు అడుగా, నాలుగంగుళాలా? దేనితో నింపుతారు?
* పని జరిగేటప్పుడు జాకీలు ఎన్ని, ఎన్నాళ్లు? ఇల్లు రెండంతస్తుల కన్నా ఎక్కువైతే నేల దాకా అన్ని అంతస్తుల్లోనూ జాకీలు పెడతారా?
* నీళ్లు నిలబెట్టే పరీక్ష టైల్స్‌కు ముందా, తర్వాతా?

ఇన్ని ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే మేస్త్రీ దొరికితే వదలొద్దు. 'ఏం కాదు సార్' అని ఒక్కమాటతో తేల్చేస్తే మాత్రం ఇంకొకరిని చూసుకోండి. పని ముగిశాక ఆర్నెల్ల పాటు, నెలకోసారి, కింది గదిలో ఆ దారం లాగి కొలత రాసుకోండి. అంకె మారకపోతే మీ బాత్‌రూమ్ సరిగ్గా కుదిరినట్టే. నెలనెలా పెరుగుతుంటే నీళ్లు ఆపేసి, కింది గది ఖాళీ చేసి, ఇంజినీరుకు ఆరోజే ఫోన్ చెయ్యండి.